ఎనిమిదో గీత

ఆ ఎనిమిదో నట్టు తను బిగించలేదని శరణ్య ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. అద్దంలో తన మొహం చూసుకుంటూ కూడా అనలేదు. ఒక్కర్తే ఉన్న గదిలో, ఫ్యాను చప్పుడులో, ఎవరూ వినరని తెలిసినప్పుడు కూడా ఆ మాట నాలుక చివరిదాకా వచ్చేది, కాసేపు అక్కడే కూర్చునేది, తెల్లారేసరికి మళ్ళీ కడుపులోకి దిగిపోయేది. పదహారు నెలలుగా ఇదే వరస.

అమలాపురంలో ఒక మేడ మీద గది అద్దెకు తీసుకుని ఉంటోంది. అల్లవరం వైపు రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ల మోటార్లు కాలిపోతే బాగుచేస్తుంది. పాలిటెక్నిక్ రెండో ఏడు మధ్యలోనే మానేసింది. మిగతా చదువంతా ఫోనులో వీడియోలు చూసీ, రామ్మూర్తి మేస్త్రి లేతు షాపులో చేతులు కాల్చుకునీ నేర్చుకున్నదే.

మంగళవారం మధ్యాహ్నం ఆ రామ్మూర్తి మేస్త్రే ఫోన్ చేశాడు.

"శరణ్యమ్మా, షెడ్డు ఖాళీ చేసెయ్యాలమ్మా. రేపొద్దున్నే పాత ఇనపసామాన్లవాళ్ళు వస్తున్నారు. ఆ బండిలో నీకు పనికొచ్చేవేవైనా ఉంటే ఇవాళే ఊడదీసుకో. నేను కాకినాడలో మా అమ్మాయి దగ్గరున్నాను."

"ఆయ్, తీసుకుంటానండి బాబాయిగారూ."

"వాయుగుండం అంటన్నారు, జాగ్రత్త. ఒక్కర్తివే వెళ్ళకు. ఎవర్నైనా తోడు తీసుకెళ్ళు."

"ఆయ్," అంది శరణ్య. తోడు రమ్మని అడగడానికి ఒకరైనా ఉన్నారా అని ఫోను పెట్టేశాక ఆలోచించింది. పేర్లేవీ తట్టలేదు. ఒకప్పుడు ఉన్న ఒక్క పేరూ ఇప్పుడు పిలిస్తే పలకదు. పానాల సంచి భుజానికేసుకుని స్కూటీ తీసింది.

ఆ బండి ఒంటి సీటు రేసు కారు. కప్పుండదు, తలుపులుండవు. కాళ్ళు బండి ముక్కులోకి చాపుకుని, సగం పడుకున్నట్టు కూర్చుని నడపాలి. ఎవరో గుద్దేసి అమ్ముకున్న మోటార్ సైకిల్ ఇంజను, ఇనుప గొట్టాల చట్రం. వెల్డింగంతా మేస్త్రిది. చక్రం ఎంత వాలాలి, బరువు ఎక్కడ పడాలి, ఆ లెక్కంతా శరణ్యది. పాత కేలండరు కాగితాల వెనక గీసేది. నడిపేది నాగసాయి. అల్లవరం కుర్రాడు, మీసాలు రాకముందు నుంచే కొబ్బరికాయల ట్రాక్టర్లు నడిపినవాడు. తండ్రి లేడు. తల్లి మంగాయమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తుంది.

సీటు అతని ఒంటి కొలతకే పోశారు. సంచిలో నురుగు మందు పోసి, అతన్ని దానిమీద కూర్చోబెట్టి, అది గట్టిపడేదాకా కదలనివ్వలేదు శరణ్య.

"ఏవే ఇంజనీరమ్మా, నన్ను ఇందులోనే పాతేస్తావా ఏంటి?" అన్నాడు నాగసాయి.

"నోర్ముయ్యరా. నవ్వితే నీ పొట్ట అచ్చు కూడా పడిపోద్ది."

వీపు, తుంటి, కాస్త కిందికి జారినట్టుండే ఎడం భుజం, అన్నీ ఆ నురుగులో అచ్చుపడిపోయాయి. ఆ తరవాత ఇంకెవరు కూర్చున్నా ఎక్కడో ఒకచోట గుచ్చుకునేది.

ఆ ఏడు నాలుగు పందేలు, నాలుగూ తమిళనాడు వైపే. మొదటిదాంట్లో పంతొమ్మిది బళ్ళలో పదిహేనోదిగా వచ్చారు. రెండోదాంట్లో తొమ్మిదోది. "మలుపులో ముక్కు తిరగనంటోందే. నేను అమలాపురం పోదామంటే అది రాజోలు పోదామంటోంది," అన్నాడు నాగసాయి తిరిగొస్తూ లారీలో. అందుకని మూడో పందేనికి వెళ్ళేలోపు, ముందు చక్రాల్ని చట్రానికి పట్టి ఉంచే ఇనుప చేతులు శరణ్య కొత్తగా గీసింది. సన్నంగా, తేలిగ్గా. ఎనిమిది బోల్టులు, ఎనిమిది నట్లు.

నట్టు బిగించడానికి వాళ్ళకో పద్ధతి ఉంది. టార్క్ రెంచితో బిగిస్తే, తగినంత బిగువు రాగానే రెంచి టక్‌మంటుంది. టక్‌మన్నాక, నట్టు మీంచి పక్కనున్న ఇనుము మీదికి పెయింటు పెన్నుతో ఒక్క గీత గీయాలి. నట్టు ఏమాత్రం వదులైనా గీత తెగి రెండు ముక్కలూ పక్కకి జరుగుతాయి, దూరం నుంచే తెలిసిపోతుంది. శరణ్యది పసుపు రంగు. పరీక్షలకెళ్ళే పిల్లలు పెన్నులు పెట్టినట్టే, తన పెయింటు పెన్నుని ఐనవిల్లి విఘ్నేశ్వరుడి దగ్గర పెట్టించి తెచ్చుకుంది.

బండెక్కి బెల్టులు పెట్టుకున్నాక నాగసాయి హెల్మెట్ మీద వేళ్ళతో రెండుసార్లు కొట్టేవాడు.

"గీతుందా?"

"ఉంది."

"ఆయ్."

ఆ మాటయ్యాకే స్టార్టు బటన్ మీద వేలు పెట్టేవాడు.

మూడో పందేనికి బయల్దేరే రోజున లారీ పొద్దున్నే వచ్చేసింది. ఐనవిల్లిలో బండి పూజకి ముహూర్తం తొమ్మిదీ పదికి. కొత్త చేతుల నట్లు అప్పటికి చేత్తో తిప్పి వదిలేసి ఉన్నాయి, రెంచి పెట్టే టైము లేదు. మంగాయమ్మ అప్పటికే వీడియో కాల్‌లో ఉంది, పూజ చూడాలని ఆ రోజు పనిలోంచి ఒక గంట అడిగి తెచ్చుకుంది. బండి సగం పనిలో ఉన్నట్టు కనిపిస్తే ఆవిడ బెంగపడుతుంది. అందుకని శరణ్య ముందెన్నడూ చెయ్యని పని చేసింది. పూజయ్యాక ఎలాగూ బిగిస్తాను కదా అని, ఎనిమిది నట్లకీ ముందే గీతలు గీసేసింది.

"ఆ పసుపు గీతలేంట్రా నానా?" అనడిగింది మంగాయమ్మ ఫోనులోంచి.

"శరణ్య గీత గీసిందంటే ఇక ఊడదమ్మా. అది చూసుకునే నేను ఎక్కుతాను," అన్నాడు నాగసాయి.

పూజారిగారు బండి ముక్కుకి బొట్లు పెట్టి, ఎడం ముందు చక్రం పై ఇనుప చేతికి బంతిపూల దండ చుట్టారు. తిరిగి షెడ్డుకొచ్చాక శరణ్య రెంచి తీసింది. టక్... టక్... ఏడు. ఎనిమిదోది దండ కింద ఉంది. దండ మీద చెయ్యి వేసేసరికి రామ్మూర్తి మేస్త్రి గట్టిగా అరిచినంత పని చేశాడు.

"పూజ దండమ్మా! వాడిపోకుండా తియ్యకూడదు. దార్లో దానంతటదే ఊడిపోద్ది. అక్కడికెళ్ళేక బిగిద్దువుగాని."

"ఆయ్," అంది.

ట్రాక్ చేరేసరికి దండ లేదు. గీత ఉంది. పసుప్పచ్చగా, తిన్నగా. గీసిన చెయ్యి మర్చిపోయింది, చూసిన కన్ను నమ్మేసింది. నాగసాయి హెల్మెట్ మీద కొట్టి అడిగితే, పది అడుగుల దూరం నుంచే, "ఉంది," అని చెప్పింది.

నాలుగో చుట్టులో ఎడం ముందు చక్రం బండిని వదిలేసి వెళ్ళిపోయింది. బండి గోడలోకి వెళ్ళింది.

ఎనిమిదో బోల్టు దొరకలేదు. ఎంత వెతికినా దొరకలేదు. మలుపులో అతివేగం అని పందెం నడిపేవాళ్ళు కాగితం మీద రాశారు. కుర్రాడు తొందరపడ్డాడని ఊరంతా అనుకుంది. కానీ అందరికంటే ఎక్కువ నమ్మింది మంగాయమ్మ. పందేనికి ముందురోజు ఆవిడ కొడుకుని ఒక మాటంది: "ఈసారైనా ముందుకి రారా, అందరూ నవ్వుతున్నారు." అప్పట్నుంచి ప్రతి శుక్రవారం, సెలవు రోజున, శరణ్యకి ఫోన్ చేసేది.

"నా మాట పట్టుకునే కదమ్మా వాడంత స్పీడు పోయేడు? నేనే కదమ్మా చంపుకున్నాను?"

"అలా అనకండి పిన్నిగారూ," అనేది శరణ్య. ఆ పైన ఒక్కమాట చెబితే చాలు, ఆవిడ గుండెమీది బండ ఆవిడది కాదని తెలిసిపోతుంది. చెప్పలేదు. ఐదు నెలలుగా అసలు ఫోనే ఎత్తడం లేదు.

శరణ్య షెడ్డు దగ్గరికొచ్చేసరికి మూడవుతోంది. ఆకాశం కాటుక పెట్టుకున్నట్టుంది. కాలువ పక్కన కొబ్బరి తోటలో, ఒకప్పుడు కొబ్బరికాయలు ఒలిచే రేకుల షెడ్డు అది. చుట్టుపక్కల మనిషి అలికిడి లేదు. గాలికి కొబ్బరి మట్టలు ఒకదాన్నొకటి గీరుకుంటున్నాయి. చూరు కింద కొబ్బరి చిప్పలోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచింది.

ముక్కిన పీచు వాసన. పాత ఆయిలు వాసన. స్విచ్చి వేసింది, కరెంటు లేదు. లోపలికి నాలుగడుగులు వేసిందో లేదో వాన దిగింది. రేకుల మీద పడే వాన కాదు, ఎవరో గంపలతో కంకర కుమ్మరిస్తున్నట్టు. గాలికి తలుపు దానంతటదే మూసుకుంది. ఫోను లైటు వేసుకుంది.

మూలన బరకం కప్పి ఉంది బండి. నుజ్జయిపోయిన ముక్కు దగ్గర బరకం లోపలికి కుంగిపోయి, నడుం విరిగిన జంతువేదో పడుకున్నట్టుంది. శరణ్య దగ్గరికెళ్ళి, అంచు పట్టుకుని, వెనక సగం వరకే ఎత్తింది. ముందు సగం చూడబుద్ధి కాలేదు. చెయిన్ చక్రం ఒకటి, చిన్న పంపు ఒకటి ఊడదీస్తే చాలు, వెళ్ళిపోవచ్చు. మోకాళ్ళ మీద కూర్చుని పానా పెట్టింది.

వాన కాస్త నెమ్మదించింది. అప్పుడు వచ్చింది ఆ వాసన.

బంతిపూలు.

ఎండినవి కాదు. అప్పుడే కోసి, దండగా గుచ్చి, నీళ్ళు చిలకరించిన బంతిపూల వాసన. పదహారు నెలలుగా తాళం వేసున్న షెడ్డులో...

తోటలో ఎక్కడో పూసుంటాయి, అనుకుంది. పానా తిప్పింది.

టక్.

చెయ్యి ఆగిపోయింది. తన చేతిలో ఉన్నది మామూలు పానా. అది టక్‌మనదు. టార్క్ రెంచి గదిలో, మంచం కింద, పెట్టెలో ఉంది. ఆ రోజు నుంచి ఆ పెట్టె మూత తియ్యలేదు.

టక్.

బరకం కిందనుంచి. బండి ముందు వైపు నుంచి.

రేకు మీంచి నీళ్ళు కారుతున్నాయి, అంతే. అంతే... కానీ నీటి చుక్కకి ముందు ఇనుము మూలగదు. ప్రతి టక్ ముందూ నట్టు బిగుసుకునే ఆ సన్నటి మూలుగు ఉంది. అది శరణ్యకి తన ఊపిరంత తెలుసు.

మూడు. నాలుగు.

లేవాలనుకుంది. లేవలేదు, లెక్కపెడుతోంది.

ఐదు. ఆరు.

ఏడు.

ఆ తరవాత ఏమీ లేదు. వాన కూడా ఆగిపోయినట్టుంది. చెవులు ఎనిమిదోదాని కోసం ఎదురుచూస్తున్నాయి. రాలేదు. మూలుగు మాత్రం మొదలైంది. నట్టు తిరుగుతోంది... తిరుగుతోంది... బిగుసుకోవడం లేదు. అలాగే తిరుగుతోంది.

శరణ్య ఫోను లైటు సీటు వైపు తిప్పింది. బరకం ఎత్తిన అంచు దగ్గర సగం సీటు కనిపిస్తోంది. చట్రం నిండా వేలెడు దుమ్ము. సీటు మీద దుమ్ము లేదు. చూస్తూండగానే నురుగు మెల్లగా కిందికి దిగింది. ముందు తుంటి దగ్గర. తరవాత వీపు దగ్గర. చివరికి ఎడం భుజం, కాస్త కిందికి... ఎవరో హాయిగా ఒదిగి కూర్చున్నట్టు. నురుగులోంచి గాలి నిట్టూర్చినట్టు బయటికొచ్చింది.

బెల్టు కొక్కెం పడిన చప్పుడు.

మూలుగు ఆగింది.

గట్టి డిప్ప మీద వేళ్ళతో కొట్టినట్టు... ఒకటి. రెండు.

"గీతుందా?"

పెద్ద గొంతు కాదు. హెల్మెట్ లోపల్నుంచి వచ్చినట్టు, మూసుకుపోయిన గొంతు.

శరణ్య నోరు తెరిచింది. పదహారు నెలల మాట నాలుక చివర కూర్చుని ఉంది. ఇప్పుడు చెప్పేస్తే... చెప్పేస్తే చాలు. అడుగుతున్నది అతనే. వినేదీ అతనే.

"గీతుందా?"

"ఉంది," అంది శరణ్య.

అలవాటు అంది ఆ మాట. భయం అంది. ఏదైతేనేం, నోరు తనదే.

తరవాత, చాలా నెమ్మదిగా, నమ్మేసిన మనిషి గొంతుతో...

"ఆయ్."

తలుపు ఎలా తీసిందో, స్కూటీ ఎలా ఎక్కిందో శరణ్యకి గుర్తులేదు. పానాల సంచి అక్కడే వదిలేసింది. అల్లవరం రోడ్డు మీద వాన మొహాన కొడుతోంటే, వెనకనుంచి ఇంజను చప్పుడు వస్తుందేమోనని ఇల్లు చేరేదాకా చెవులు రిక్కించుకునే ఉంది. ఏమీ రాలేదు.

గదికొచ్చి, తలుపు గడియ పెట్టి, బురద కడుక్కుంటోంటే కనిపించింది. కుడి మణికట్టు మీద, ముంజేతి నుంచి అరచేతి వెనక్కి, కీలుకి అడ్డంగా... పసుపు గీత. తిన్నగా ఉంది. తడిగా ఉంది.

సబ్బుతో రుద్దింది. కిరసనాయిలు పోసింది. థిన్నరుతో చర్మం ఎర్రబడేదాకా తోమింది. గీత చెక్కుచెదరలేదు. అప్పుడు ఒళ్ళంతా వెతుక్కుంది. రెండు మోచేతులు. రెండు మోకాళ్ళు. రెండు చీలమండలు. అన్నీ కీళ్ళమీదే, అన్నీ ఒకే పొడవు. మణికట్టుతో కలిపి ఏడు.

ఎనిమిదోది ఎంత వెతికినా కనిపించలేదు.

బుధవారం సాయంత్రం రామ్మూర్తి మేస్త్రి ఫోన్ చేశాడు.

"నీ పానాల సంచి అక్కడే వదిలేసేవేంటమ్మా? సామాన్లవాళ్ళు పట్టుకెళ్తామంటే నేనే ఉంచమన్నాను."

"వానొచ్చేసిందండి. బండి... తీసుకెళ్ళిపోయేరా?"

"తీసుకెళ్ళేరు గానీ నన్ను నానా మాటలూ అన్నేరమ్మా. ముందు చేతుల నట్లు ఒక్కటీ కదల్లేదంట. కోసుకోవలసొచ్చిందంట. ఎవడు బిగించేడండీ బాబూ, ఎనిమిదీ అలా, అన్నేరు."

"ఏడు కదండీ బాబాయిగారూ? ఎనిమిదోది ట్రాక్‌లోనే పోయింది కదా?"

"నేనూ అదే అన్నానమ్మా," అన్నాడు మేస్త్రి. "మళ్ళీ లెక్కపెట్టమన్నాను. ఎనిమిదే."

గురువారం పొద్దున్న టీ గ్లాసు చేతిలోంచి జారిపోయింది. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. పట్టుకున్నాననుకుంది, పట్టుకోలేదు. వెలుతురులోకి వెళ్ళి మణికట్టు చూసుకుంది. గీత తెగింది. అరచేతి వైపు ముక్క, ముంజేతి వైపు ముక్క నుంచి ఒక బియ్యపుగింజంత పక్కకి జరిగి ఉంది.

ఆ రోజు పనిలోకి వెళ్ళలేదు. మంచం మీద కూర్చుని గీతలకేసి చూస్తూనే ఉంది. చూస్తోంటే కదలవు. కళ్ళు మూసి తెరిస్తే... ఏమో. పొద్దుగూకేసరికి ఎడం మోకాలిది కూడా తెగింది. మెట్లు దిగుతోంటే కాలు తనకంటే ఒక మెట్టు ముందు దిగినట్టనిపించింది. పైకొచ్చి తలుపేసుకుంది. ఎవరికైనా చెబుదామా అనుకుంది. ఏమని చెప్పాలి? ఒళ్ళు వదులవుతోందనా? ఎందుకని అడిగితే మళ్ళీ ఆ ఎనిమిదో నట్టు దగ్గరికే రావాలి.

మంచం కింద పెట్టె లాగి, మొదటిసారి మూత తీసింది. టార్క్ రెంచి ఉండవలసిన చోటే ఉంది. పక్కన పెయింటు పెన్ను. దాని మూత లేదు. మొన తడిగా ఉంది.

శుక్రవారం సాయంత్రం తల దువ్వుకుంటోంది. దువ్వెన మెడ వెనక్కి దిగేసరికి వేళ్ళకి చల్లగా ఏదో తగిలింది. జుట్టులోంచి వేళ్ళు బయటికి తీసింది. వేళ్ళ మధ్య బంతిపువ్వు రెక్క ఒకటి. తాజాగా ఉంది.

జుట్టంతా ముందుకి వేసుకుని, ఫోను మెడ వెనక పెట్టి ఫోటో తీసింది. కాసేపు ఫోను తిప్పలేదు. తరవాత తిప్పింది.

ఎనిమిదో గీత అక్కడుంది. తల కింద మెడ మొదలయ్యే చోట, పై నుంచి కిందికి. రెండు ముక్కలుగా ఉంది. ఇది బియ్యపుగింజంత కాదు. పై ముక్క, కింది ముక్క నుంచి బొటనవేలి వెడల్పున పక్కకి జరిగి ఉంది.

నొప్పి మాత్రం లేదు.

కిందింట్లో ఎవరో టీవీ పెట్టారు. వీధిలో కొబ్బరినీళ్ళ బండి వెళ్తోంది. అంతా మామూలుగానే ఉంది. ఇవాళ శుక్రవారం. కువైట్‌లో సెలవు. ఐదు నెలలుగా ఎత్తకపోయినా మంగాయమ్మ ఫోన్ చెయ్యడం మానలేదు. పొద్దున్న చేసినది కూడా ఫోనులో ఎర్రగా కనిపిస్తోంది. ఆవిడ మళ్ళీ అడుగుతుంది. నేనే కదమ్మా చంపుకున్నాను, అని. ఈసారి ఆవిడ అడగకముందే చెప్పాలి. పిన్నిగారూ, మీరు కాదండి. సాయీ కాదండి. గీత ఉంది గానీ నట్టు బిగించలేదండి. బిగించనిది నేనండి... శరణ్య పెదాలు కదిపి చూసుకుంది. మాటలన్నీ వచ్చాయి.

'సాయి వాళ్ళమ్మ' అన్న పేరు దగ్గరికి వేలు పోనిచ్చింది. ఫోను చెవికి ఆనించుకోవాలంటే తల కాస్త పక్కకి వంచాలి.

వంచలేదు.

ఎడం చేత్తో మెడ వెనక గట్టిగా పట్టుకుని, తల తిన్నగా నిలబెట్టుకుని, స్పీకరులో మాట్లాడదామని, ఆ పేరు నొక్కడానికి కుడి బొటనవేలు ఎత్తింది.